చెప్పుల పులుసు

ఆ ఏడు మా సరస్సులో బియ్యం ఎంత దట్టంగా పండిందంటే, పడవలోంచి జారిపడ్డ మా పక్కింటి ఆర్చీ కాళ్ళు తడవకుండానే ఒడ్డుకి నడిచి వచ్చేశాడు. కావాలంటే అతన్నే అడగండి. కాదన్నాడంటే మళ్ళీ నా దగ్గరికి రండి, ఈసారి అతని కుక్క కూడా వెనకాలే నడిచి వచ్చిందని చెప్తాను.

మనోమిన్ అంటాం మేము ఆ బియ్యాన్ని. ఎవరూ నాటరు, నీళ్ళలో దానంతటదే పండుతుంది. పడవలో ఒకళ్ళు నిలబడి గడ వేయాలి. రెండోవాళ్ళు కూర్చుని, ఒక కర్రతో వెన్నుల్ని పడవలోకి వంచి, ఇంకో కర్రతో మెల్లిగా తట్టాలి. నలభై ఏళ్ళు నా పడవలో కూర్చుని తట్టింది మా అక్క ఫిలోమీన్. ఆ ఏడు ఆమె మోకాళ్ళు మొండికేశాయి. ఆ చోట్లో నా మనవరాలు వాసేయా కూర్చుంది. తొమ్మిదేళ్ళు దానికి. మొదటిరోజు పొద్దున నేను లేచేసరికే కర్రలు రెండూ ఒళ్ళో పెట్టుకుని పడవలో కూర్చుని ఉంది. పడవ ఇంకా గడ్డి మీదే ఉంది.

దాని తల్లి వెర్నా నా కూతురు. విన్నిపెగ్‌లో ఆసుపత్రి దుప్పట్లు ఉతికే చోట పని చేసేది. నెలకోసారి బస్సులో వచ్చి పిల్లకి జడలేసి, నన్ను నాలుగు తిట్టి, మళ్ళీ బస్సెక్కేది. పిల్ల నా దగ్గరా, అక్క దగ్గరా పెరిగింది.

సరస్సు ఒడ్డున మా క్యాంపులో బియ్యం వేయించేటప్పుడు ఒక ఆట ఆడతాం. పెద్ద ఇనప బానలో గింజ మాడిపోకుండా పొద్దస్తమానం తెడ్డుతో కలుపుతూనే ఉండాలి. చేతులకి పనుంటుంది గానీ నోటికి ఉండదు. అందుకని ఎవరింట్లో కరువెక్కువో చెప్పుకుంటాం. ఆర్చీ వాళ్ళింట్లో ఎంత లేమి అంటే ఎలకలు వచ్చి వీళ్ళకే తిండి పెట్టి పోయేవట. అలాగన్నమాట. ఆటకి షరతులు రెండే. చెప్పేవాడు నవ్వకూడదు, అబద్ధమని ఒప్పుకోకూడదు. ఒప్పుకుంటే ఓడినట్టు, ఆ పూట బాన తోమాలి. రెండోది, ఒక పడవలో కూర్చున్నవాళ్ళు ఒకరి మాటని ఒకరు కాయాలి. నేను ఎన్ని కోతలు కోసినా మా అక్క బొగ్గు మసి తుడుచుకుంటూ, అవును, నేనూ చూశానని అనేది. నలభై ఏళ్ళలో ఒక్కసారి కూడా ఆమె పెదవి కదల్లేదు. ఆ మొహం చూస్తే నాకే నిజమేమో అనిపించేది.

ఆ ఏడు నా మాట కాయాల్సింది వాసేయా.

బ్రిజిట్ వచ్చింది ఆ వారంలోనే. టొరంటో నుంచి. మా ఉత్తరాది బళ్ళలో పిల్లలకి పొద్దున్నే వేడి తిండి పెట్టడానికి చందాలు పోగుచేసే సంస్థలో ఆవిడ ఉద్యోగం. ఆవిడ మంచి మనిషి. ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఈ సంగతి విన్నవాళ్ళందరూ ఆవిణ్ణి తిట్టబోతారు. వచ్చిన మొదటిరోజు ఏమీ అడగలేదు, మాతో కూర్చుని చేటతో ఊక చెరిగింది. సగం బియ్యం గడ్డిలో పోసింది, అది వేరే సంగతి. రెండోరోజు చిన్న టేపు రికార్డరు తీసి, మీకిష్టమైతేనే ఇది నొక్కుతానంది. నొక్కమన్నాను. చలికాలంలో మీకు తిండి ఎలా గడుస్తుందని అడిగింది.

బాన చుట్టూ ఉన్నవాళ్ళందరూ నా వంక చూశారు. ఆవిడ ఆటలోకి దిగిందనుకున్నాను.

కిందటి చలికాలం కుందేళ్ళు మమ్మల్ని చూసి జాలిపడి, చూస్తూ ఉండలేక ఊరొదిలి పోయాయని చెప్పాను. చేపలు కూడా మొహం చాటేశాయన్నాను. చివరికి నా తోలు చెప్పులు రెండూ ఉడకబెట్టి పులుసు కాచుకున్నామన్నాను. ఆవిడ పెన్సిలు ఆగింది. చెప్పులా, అంది.

“ఎడమది గట్టిగా ఉంటే తాత తిన్నాడు,” అంది వాసేయా, తెడ్డు ఆపకుండా. “కుడిది మెత్తగా ఉడికింది. అది నాకిచ్చాడు.”

ఆర్చీ పొగ కళ్ళలో పడ్డట్టు అటు తిరిగిపోయాడు. అక్క పైపు వెలిగించుకునే నెపంతో తల దించుకుంది. నాకు ఆ పిల్లని ఎత్తుకుని గిరగిరా తిప్పాలనిపించింది. ఇంతలో బ్రిజిట్ పాప వాళ్ళమ్మ ఏదని మెల్లిగా అడిగింది. మంచుకి బొక్క తవ్వి చేపలు పడుతుంటే రెండు పడవలంత చేప గాలానికి తగిలిందని, వెర్నా తాడు వదలనంటే వదలనందని, ఆ చేప ఆమెని మంచు కింద నుంచి విన్నిపెగ్ దాకా ఈడ్చుకుపోయిందని చెప్పాను.

“నాకు చెయ్యి ఊపింది,” అంది వాసేయా.

బ్రిజిట్ నవ్వలేదు. కళ్ళు తడిగా ఉన్నాయి. ఇంత గట్టి ఆటగత్తెని నా జన్మలో చూడలేదనుకున్నాను. ఇదంతా నిజంగా జరిగిందా ఎఫ్రయిమ్ గారూ అని అడిగింది, టేపు తిరుగుతుండగా. ప్రతి ముక్కా జరిగిందన్నాను. తర్వాత పిల్లకి ఫోటో తీసింది. ఊక రాలడానికి వేయించిన బియ్యాన్ని కాళ్ళతో తొక్కే గుంటలోంచి అప్పుడే లేచింది అది. మొహం నిండా మసి, జుట్టు నిండా ఊక, కాళ్ళకి ఏమీ లేవు.

రెండు వారాల తర్వాత బ్రిజిట్, చందాల కోసం అచ్చేయబోయే కాయితాలతో మళ్ళీ వచ్చింది. నాకు చదువు రాదు గనక మొత్తం చదివి వినిపించింది. వాసేయాకి తొమ్మిదేళ్ళు, తల్లిని సరస్సు తీసుకుపోయింది, కిందటి చలికాలం తాతగారి చెప్పులు ఉడకబెట్టుకుని తింది. ఇలా సాగింది. చేప ఏమైందమ్మా అని అడిగాను.

“చేపని ఎవరూ నమ్మరండి,” అంది. “అది మీకు బాధలో అలా అనిపించి ఉంటుంది. అందుకని తీసేశాను. ఉండాలంటే పెడతాను.”

ఉండక్కర్లేదన్నాను. పేరు మార్చమంటారా అంది. ఫోటో వద్దంటే తీసేస్తానంది. ఇవాళ సరేనన్నా రేపు వద్దనచ్చు, నాకు కబురు చేస్తే చాలంది. పిల్లని కూడా అడగమంది. అడిగాను. నువ్వెలా అంటే అలాగే తాతా అంది వాసేయా, దాని చూపు నా మొహం మీదే ఉంది, నేను నవ్వుతానేమో అని. నేను నవ్వలేదు.

అక్క మా భాషలో మెల్లిగా అంది.

“ఒరే ఎఫ్రయిమ్, ఆవిడ ఆడట్లేదురా.”

“ఆడుతోంది అక్కా. చూడు, ఎంత బాగా ఆడుతోందో.”

“నాకు మోకాళ్ళు పోయాయిగానీ కళ్ళు పోలేదు. చెప్పేయ్. పోతే ఒక బాన తోముతావు.”

బాన నా జన్మలో ఎప్పుడూ తోమలేదు నేను. కాయితం మీద నా గుర్తు పెట్టాను. పిల్ల పేరు మార్చొద్దని, పెద్దక్షరాలతో వేయమని చెప్పాను.

నవంబరులో సరస్సు అంచులు గడ్డకట్టేవేళ టౌన్లో పిల్లల బాగోగులు చూసే సర్కారు ఆఫీసు నుంచి లియోనా అనే మనిషి వచ్చింది. మా వాళ్ళే, నదికి అవతలి రిజర్వు, అంటే మా తెగకి సర్కారు వదిలిన నేల, అక్కడి మనిషి. వాళ్ళ పెద్దమ్మ మా అక్కకి తెలుసు. లియోనా టీ తాగి, సంచిలోంచి మడతపెట్టిన అట్ట కాయితం తీసింది. బ్రిజిట్ వాళ్ళు అచ్చేసింది, దాని మీద మా పిల్ల బొమ్మ. వెనక ఒక ఉత్తరం పిన్ను చేసి ఉంది. ఎవరో పెద్దావిడ, దక్షిణాన ఎక్కడో ఉంటుందట, ఈ పాపని చూసి మూడు రాత్రులు నిద్రపట్టలేదని, తల్లి లేని పిల్ల చెప్పులు తింటుంటే మీరేం చేస్తున్నారని ఆఫీసుకి రాసిందట.

నేను నవ్వాను. అవన్నీ క్యాంపు మాటలమ్మా అన్నాను. మీ నదివైపు చెప్పుకోరా అన్నాను. చెప్పుకుంటారంది. వాళ్ళ మేనమామ ఒకసారి సొంత పళ్ళు వండుకున్నాడట. ఆమె కూడా కొంచెం నవ్వింది. అక్క లేచి వెళ్ళి బియ్యం బస్తాల మూతి విప్పింది, ఎండు చేపలు చూపించింది, పెరట్లో వేలాడుతున్న కుందేళ్ళు చూపించింది, పిల్ల పక్క చూపించింది. అన్నీ చూపించి కూర్చుంది.

లియోనా అన్నీ రాసుకుంది. పిల్లని కూడా ఒక మాట అడగాలి, ఒంటరిగా, అది పద్ధతి అంది. వాసేయా అప్పుడే బడి నుంచి వచ్చి గుమ్మంలో నిలబడి ఉంది. లోపల మేం మాట్లాడుకున్నది అది వినలేదు. ఇద్దరూ వెళ్ళి కారులో కూర్చున్నారు. కిటికీలోంచి చూశాను. పిల్ల చేతులు ఒళ్ళో పెట్టుకుని, తిన్నగా కూర్చుని మాట్లాడుతోంది. మొహంలో ఏమీ లేదు. అచ్చం మా అక్క మొహం.

లియోనా ఒక్కతే తిరిగొచ్చింది. గుమ్మం దాటి లోపలికి రాలేదు.

“కుడి చెప్పు తనకిచ్చారని చెప్పింది, పెద్దాయనా.”

“ఆటమ్మా అది. నా మాట కాస్తోంది.”

“నేను మూడుసార్లు అడిగాను. నిజం చెప్పమన్నాను. మూడోసారి కన్నీళ్ళు కూడా వచ్చాయి దానికి, అయినా అదే చెప్పింది.” లియోనా నా వంక చూడలేదు. “మీరు కాదంటారు, పిల్ల అవునంటుంది. బ్రిజిట్ టేపులో మీ గొంతు కూడా అవునంటుంది. నాకు పైన ఇంకా మనుషులున్నారు. ఇది తేలేదాకా పిల్లని టౌన్లో ఒకరింట్లో ఉంచాలి.”

అక్క పిల్ల బట్టలు సర్దింది. కొత్త తోలు చెప్పులు కూడా పెట్టబోయి, మళ్ళీ తీసేసింది. కారు వెళ్ళేటప్పుడు వాసేయా ఏడవలేదు. నన్ను చూసి కొంచెం తల ఊపింది. పని బాగా చేశానా అన్నట్టు.

ఆ తర్వాత పొయ్యిలో కట్టెలు పెట్టడం నాకు గుర్తుంది. రోజూ పెట్టాను. వేరే ఏం చేశానో గుర్తులేదు.

వెర్నా మూడోరోజు బస్సు దిగింది. ఆ అట్ట కాయితం ఆసుపత్రిలో ఎవరో చూపించారట. తలుపు తీసి, కోటు విప్పకుండా, నా ఎదురుగా కూర్చుంది.

“నేను చచ్చిపోయానంట కదా నాన్నా. చూసిపోదామని వచ్చా.”

“చేప ఉండేది అందులో,” అన్నాను. “ఆవిడ తీసేసింది.”

“అలాగా.”

ఆమె తిడుతుందని చూశాను. తిట్టలేదు. లేచి అక్కకి మోకాళ్ళకి నూనె రాసింది. మర్నాడు ఆఫీసుకి వెళ్ళి తను బతికే ఉన్నానని కాయితం రాసిచ్చింది. విన్నిపెగ్‌లో నలుగురు ఆడవాళ్ళతో ఒక గదిలో ఉంటోంది గనక పిల్లని ఇప్పుడు ఇవ్వలేం అన్నారట. ఉద్యోగం మానేసి ఇక్కడే ఉంటానంది. చూస్తామన్నారు.

పిల్లని చూడ్డానికి రెండు వారాలకోసారి ఒక గంట ఇచ్చారు. టౌన్లో ఒక గదిలో. అందులో రంగురంగుల కుర్చీలున్నాయి. పక్కనే ఆఫీసు మనిషి ఒకావిడ కూర్చునేది. కేసు సంగతి తప్ప ఏదైనా మాట్లాడుకోవచ్చంది. బడి ఎలా ఉంది, బాగుంది. మంచం మెత్తగా ఉందా, ఉంది. నాకు మాటలు రాకపోవడం అదే మొదలు. వేరే అప్పుడైతే ఆ కుర్చీల మీదే అరగంట చెప్పేవాణ్ణి.

టౌన్లో పిల్ల ఉంటున్న ఇంటావిడ ఆఫీసుకి చెప్పిన మాటలు లియోనా తర్వాత మాకు చెప్పింది. ఎవరు ఎప్పుడడిగినా పిల్ల ఇంకొంచెం కలుపుతోందట. చెప్పుల తర్వాత పడవకి చుట్టిన చర్మం తిన్నామందట. డిసెంబరు వచ్చేసరికి మంచం కాళ్ళు కూడా ఉడకబెట్టుకున్నామని చెప్పిందట. ఒక్కసారి కూడా తడబడలేదట. ఇంటావిడ రాసి పంపిన ప్రతి కాయితం కేసులో కలిపారు. అంత బాగా నా మాట కాసినవాళ్ళు ఎవరూ లేరు. అది తల్చుకుంటే నాకేమీ అనిపించేది కాదు. అనిపించాలని కూర్చునేవాణ్ణి. ఏమీ వచ్చేది కాదు.

బ్రిజిట్ కూడా వచ్చింది, మంచు దారిలో, అద్దె కారులో. మొహం పాలిపోయి ఉంది. అట్ట కాయితాలు మిగిలినవన్నీ వెనక్కి తెప్పించిందట. తన తప్పేనని ఆఫీసుకి రాసిచ్చిందట. ఆవిణ్ణి కోప్పడదామని చాలా రోజులు మాటలు పోగేసుకున్నాను.

“చెప్పులు తిన్నామంటే ఎలా నమ్మావమ్మా?” అన్నాను, అంతే.

“మీరు నిజమన్నారు కదండీ,” అంది. మళ్ళీ, “మీ వాళ్ళ గురించి అలాంటివే ముందే చాలా విని ఉన్నాను. వచ్చేటప్పుడే నాకు తెలిసినట్టుంది,” అంది.

అక్క ఆవిడకి అన్నం పెట్టింది. ఆవిడ తిని, గిన్నె కడిగి వెళ్ళింది. జనవరిలో బ్రిజిట్ వాళ్ళ చందాలతో మా బళ్ళో వేడి జావ మొదలైంది. పంచదార, ఎండు ద్రాక్ష వేసి పెట్టేవారు. పిల్లలు పొద్దున్నే పరిగెత్తుకుంటూ వెళ్ళేవారు. ఆర్చీ మనవలు మా ఇంటిముందు నుంచే వెళ్ళేవారు.

చివరికి లియోనాయే ఒక దారి చూసింది. పైవాళ్ళని ఒప్పించి, ఒక్క గంట ఆ సంగతి మాట్లాడనిస్తామంది. టేపు మీద. పిల్ల ఎదురుగా. మీరు ఏం చెప్తారో నాకు ముందు చెప్పొద్దు పెద్దాయనా, అంది. పిల్లకే చెప్పండి అంది.

వాసేయా నీలం కుర్చీలో కూర్చుంది. జుట్టు భుజాల దాకా కత్తిరించి ఉంది. నేను ఎదురుగా కూర్చోగానే ముందుకి వంగి, మా భాషలో, మెల్లిగా అంది.

“తాతా, నేను ఒక్కసారి కూడా నవ్వలేదు.”

“తెలుసే.”

“ఒకరోజు నవ్వు రాబోతే నాలిక కొరుక్కున్నా.”

“వాసేయా, చెప్పుల పులుసు అబద్ధం.”

అది లియోనా వంక చూసింది. మళ్ళీ నా వంక.

“తాతా, ఆవిడ వింటోంది.”

“వినాలనే. నేను కల్పించి చెప్పా. కుందేళ్ళు ఎక్కడికీ పోలేదు. మన ఇంట్లో బియ్యం అయిపోలేదు. మీ అమ్మని ఏ చేపా లాక్కుపోలేదు.”

“ఓడిపోతావు.”

“ఓడిపోయాను.”

అప్పటిదాకా ఊగుతున్న దాని కాళ్ళు ఆగిపోయాయి. కుర్చీ కింద నేలకి అందవు అవి. ఓడిపోయానన్న మాట నా జన్మలో ఎవరిముందూ అనలేదు. అంటే ఏదో అవుతుందనుకునేవాణ్ణి. టేపు తిరుగుతోంది, గోడమీద వేడి గాలి గొట్టం గుర్రుమంటోంది. ఏమీ కాలేదు.

లియోనా మా భాషలోనే అడిగింది. నిదానంగా, ఒక్కొక్కటీ. చెప్పులు? అబద్ధం, అంది పిల్ల. పడవ చర్మం? అబద్ధం. మంచం కాళ్ళు? అబద్ధం. ఒకే గొంతుతో చెప్పుకుపోయింది, ఎక్కాలు అప్పచెప్పినట్టు. ఇవన్నీ ఎందుకు చెప్పావమ్మా అని అడిగితే, తాత పడవలో నేనే కదా కూర్చుంది అంది. అది టేపులో ఎలా వినబడుతుందో నాకు తెలీదు.

“మీ అమ్మ చెయ్యి ఊపడం?” అంది లియోనా.

వాసేయా తల ఎత్తింది.

“అది నిజం,” అంది. “బస్సులోంచి.”

తలుపు అవతల బెంచీ మీద వెర్నా కూర్చుని ఉంది. తలుపు పూర్తిగా వేయలేదు. ఆమె విన్నదో లేదో నేను ఎప్పుడూ అడగలేదు.

ఫిబ్రవరి రెండో వారంలో పిల్లని ఇచ్చారు. వెర్నా విన్నిపెగ్ ఉద్యోగం మానేసి ఇక్కడ మాతోనే ఉండాలని షరతు. మానేసింది. ఇప్పుడు బళ్ళో జావ కాచేది ఆమే. లియోనా తన కారులోనే మమ్మల్ని దిగబెట్టింది. ముందు సీట్లో వెర్నా, వెనక నేనూ వాసేయా. ఇంటికి రెండు గంటల దారి. రెండు పక్కలా స్ప్రూస్ చెట్లు, మంచు. పిల్ల కిటికీకి నుదురు ఆనించి కూర్చుంది.

సగం దారిలో లియోనా బ్రేకు వేసింది. రోడ్డు పక్కన మూస్, మా అడవుల పెద్ద దుప్పి, నిలబడి ఉంది. గుర్రం కన్నా ఎత్తు, నోట్లోంచి పొగ, వీపు మీద మంచు. కదల్లేదు. మామూలుగా అయితే మూస్ కనబడితే నేను ఇంటిదాకా మాట్లాడతాను. ఆ మూస్ వాళ్ళ నాన్న నాకు తెలుసంటాను, నా దగ్గర టోపీ అరువు తీసుకుని ఇవ్వలేదంటాను. ముందు సీట్లోంచి వెర్నా వెనక్కి తిరిగి నా వంక చూసింది. లియోనా అద్దంలోంచి చూసింది. నేను నోరు తెరిచాను.

“మూస్,” అంది వాసేయా, అద్దం మీదే నుదురు పెట్టి. “ఒకటి.”

“అవును,” అన్నాను. “ఒకటే.”